బ్రెకెన్‌రిడ్జ్ స్కీ ట్రిప్: కాళ్ళకి రక్తం అందట్లేదా, ఎత్తు పడట్లేదా? సలహా కావాలి

ప్లేనో_పెద్దోడు | జనవరి 19, రాత్రి 9:42

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో వచ్చే ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి మూడు ఫ్యామిలీలం కలిసి కొలరాడో వెళ్తున్నాం. బ్రెకెన్‌రిడ్జ్‌లో ఇల్లు బుక్ చేసేశాం, రిఫండ్ రాదు. శుక్రవారం పొద్దున డల్లాస్‌లో ఫ్లైట్ ఎక్కి, మధ్యాహ్నానికి డెన్వర్‌లో దిగి, అక్కణ్ణించి కారులో సాయంత్రానికల్లా ఇంటికి చేరిపోవాలని ప్లాన్. శనివారం పొద్దున్నే స్కీ లెసన్.

పోయినేడు ఇదే ప్లాన్‌తో వెళ్తే మొదటి రాత్రే మా ఆవిడకి విపరీతమైన తలనొప్పి, వాంతులు. తెల్లవార్లూ నిద్ర లేదు. మర్నాడు స్కీ బూట్లు వేసుకుని గంట తిరిగిందో లేదో కాలివేళ్ళు మొద్దుబారిపోయాయి. బూటు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మళ్ళీ స్పర్శ రావడానికి చాలాసేపు పట్టింది.

మా అత్తగారైతే ఫోన్లోనే "దానికి చిన్నప్పట్నించీ రక్తం తక్కువ, చేతులెప్పుడూ చల్లగానే ఉండేవి" అని తేల్చేశారు. బ్లడ్ సర్క్యులేషన్ పెరగడానికని ఆన్‌లైన్‌లో ఏవో క్యాప్సూల్స్, బీట్‌రూట్ పౌడర్ అమ్ముతున్నారు. ఎవరైనా వాడారా? ఎన్నాళ్ళ ముందు మొదలుపెట్టాలి?

కడపకారం | జనవరి 19, రాత్రి 10:15

అన్నా, పౌడర్లు గీడర్లు ఎందుకు. కర్పూరం! అమర్‌నాథ్ వెళ్ళినప్పుడు మా గ్రూపులో అందరం చిన్న గుడ్డలో కర్పూరం మూటకట్టి మెడలో వేసుకున్నాం. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే ఒకసారి వాసన చూడ్డమే. వెల్లుల్లి కూడా బాగా తినమను. కాళ్ళకి రెండు జతల సాక్సులు, పైన ఉన్నిది, లోపల కాటన్‌ది. సమస్య ఖతం.

మైల్‌హై_తెలుగు | జనవరి 19, రాత్రి 11:03

పెద్దోడు గారూ, నేను డెన్వర్‌లోనే ఉంటాను. మా ఇంటికొచ్చే డల్లాస్, హ్యూస్టన్ చుట్టాలందరూ మీ ప్లానే వేస్తారు, అందరికీ మొదటి రాత్రే తలనొప్పి. అందులో రక్తం తప్పేమీ లేదు.

లెక్క చూడండి. డల్లాస్ ఎత్తు 400 అడుగుల పైచిలుకు, డెన్వర్ 5,280, బ్రెకెన్‌రిడ్జ్ ఊరు 9,600. మధ్యలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తులో ఉంటుంది. స్కీ చేసేవాళ్ళని కుర్చీల్లో కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్టుల్లో అన్నిటికన్నా పైది ఎక్కితే దాదాపు 12,840. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే, తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టంతో పోలిస్తే బ్రెకెన్‌రిడ్జ్‌లో ఆ ఒత్తిడి 70 శాతమే, అంటే ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా అంతే. పొద్దున ప్లేనోలో ఇడ్లీ తిని రాత్రి ఆ ఎత్తులో పడుకుంటే ఒళ్ళు ఎలా సర్దుకుంటుంది?

పగలు ఎంత ఎత్తుకి ఎక్కారన్నదాని కన్నా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. శుక్రవారం రాత్రికి డెన్వర్‌లో హోటల్ తీసుకోండి. ఇంటికి ఒక రాత్రి అద్దె వృథా అవుతుంది, నిజమే. కానీ పోయినేడు శనివారం మొత్తం వృథా అయింది కదా. పైగా శుక్రవారం సాయంత్రం ఐ-70 ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఎయిర్‌పోర్ట్ నుంచి మామూలుగా రెండు గంటల దారి, లాంగ్ వీకెండ్ అయితే ఎంతకి చేరతారో చెప్పలేం.

బూట్‌పిచ్చోడు | జనవరి 20, ఉదయం 7:20

తలనొప్పి సంగతి వేరే వాళ్ళు చెప్తారు, నేను బూట్ల గురించి మాట్లాడతా. కడప అన్న చెప్పిన "రెండు జతల సాక్సులు" మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి. స్కీ బూట్‌లో కాళ్ళు మొద్దుబారడానికి ఎక్కువసార్లు కారణం ఆ రెండో జతే.

స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ పెంకు. బట్ట బూటులా సాగదు. లోపల సాక్సు మందం పెరిగేకొద్దీ పాదం నలుగుతుంది. పాదం పైభాగంలో, బొటనవేలి నరం పక్కన వేలు పెట్టి చూడండి, నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. వేళ్ళకి రక్తం తీసుకెళ్ళే ధమని అది. సరిగ్గా దాని మీదే బూట్ బకిల్ బిగుస్తుంది. అక్కడ నొక్కేశాక లోపల ఎన్ని సాక్సులుంటే మాత్రం ఏం లాభం? ఒకే ఒక్క జత, పల్చటి మెరీనో ఉన్నివి, మోకాలి దాకా వచ్చేవి వేసుకోవాలి. కాటన్ వద్దు, చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది.

ఇంకోటి. మీ ఆవిడకి రెంటల్ షాపులో ఏ సైజు ఇచ్చారు? చాలా చోట్ల బిగినర్స్‌కి కంఫర్ట్‌గా ఉంటుందని ఒక సైజు పెద్దది ఇచ్చేస్తారు. అప్పుడు మడమ లోపల జారుతూ ఉంటుంది, ఆపడానికి మనం బకిల్స్ శక్తికొద్దీ బిగిస్తాం. అంటే బూటు వదులైనందుకే రక్తం ఆగిపోతుంది! స్కీ బూట్ సైజంటే సెంటీమీటర్లలో పాదం పొడవే, 24.5 అంటే 24.5 సెంటీమీటర్లు. గోడకి మడమ ఆనించి కొలుచుకుని వెళ్ళండి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు భాగాన్ని కొద్దిగా తాకాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి.

థర్మల్ ప్యాంటు అంచు బూట్‌లోకి దూర్చకూడదు. ఆ మడత మోకాలి కింద ముందు ఎముక మీద ఒత్తుకుని నొప్పి పెడుతుంది. బూట్లు రాత్రి కారు డిక్కీలో వదలొద్దు, పొద్దున్నే అవి గడ్డకట్టి ఉంటాయి. లిఫ్ట్ ఎక్కగానే ముందు బకిల్స్ వదులు చెయ్యాలి, వేళ్ళు ఆడిస్తూ ఉండాలి, దిగే ముందు మళ్ళీ పెట్టుకోవాలి. నేనైతే ప్రతి లిఫ్ట్‌కీ ఇదే పని.

ఆ వేడి ప్యాకెట్లు ఉంటాయే, అవి గ్లవ్స్‌లో పెట్టుకుంటే బాగా పనిచేస్తాయి. లోపలి ఇనప పొడి గాలి తగిలితేనే వేడెక్కుతుంది. స్కీ బూట్‌లో గాలి ఆడదు కాబట్టి సరిగ్గా వేడెక్కదు సరికదా, ఉన్న కాస్త చోటూ ఆక్రమిస్తుంది. డబ్బు పెట్టగలిగితే బ్యాటరీ సాక్సులు కొనండి, అవి నయం.

డాక్టరమ్మ_ఒహైయో | జనవరి 20, మధ్యాహ్నం 12:48

లంచ్ టైంలో రాస్తున్నాను. నేను ఇంటర్నల్ మెడిసిన్. ఇది మీ డాక్టర్ సలహాకి బదులు కాదు, ముందే చెప్తున్నా.

మీరు రెండు వేర్వేరు సమస్యల్ని "సర్క్యులేషన్" అనే ఒకే సంచిలో వేశారు. తలనొప్పీ వాంతులూ ఎత్తు వల్ల, వేళ్ళు తెల్లబడటం చలి వల్ల. రెండింటికీ ఒకే మాత్ర లేదు. క్యాప్సూల్స్‌కి డబ్బు పెట్టకండి. బీట్‌రూట్ మీద పరిశోధనలు జరిగాయి కానీ ఎత్తులో ఉపయోగం ఉందని గట్టిగా తేలలేదు. కూర వండుకు తినండి, హాయి.

ముందు చలి సంగతి. ఒళ్ళు చల్లబడుతోందని తెలియగానే శరీరం గుండెకీ మెదడుకీ వేడి దాచుకోవడానికి చేతివేళ్ళ, కాలివేళ్ళ రక్తనాళాల్ని బిగించేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే ఇంకాస్త బిగిస్తుంది. అందుకే వేళ్ళు చల్లబడితే మొదట చూడాల్సింది ఛాతీ, తల, మెడ. లెసన్‌లో బిగినర్స్ సగం సేపు నిలబడే ఉంటారు, కాబట్టి లోపల వేసుకునే బట్టల పొర వెచ్చగా ఉండాలి. జీన్స్ మీద స్కీ ప్యాంటు వేసుకునేవాళ్ళని చూశాను, అది వద్దు. చేతులకి వేళ్ళ గ్లవ్స్ కన్నా మిటెన్స్ (నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండేవి) మేలు. వేళ్ళు మొద్దుబారుతుంటే పక్కకి నిలబడి చెయ్యి భుజం నుంచి గుండ్రంగా గట్టిగా తిప్పండి, కాలు ముందుకీ వెనక్కీ ఊపండి. రక్తం ఆ విసురుకే చివరిదాకా వెళ్తుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆవిడకి ఇంట్లో కూడా, అంటే ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టినప్పుడో ఏసీలో కూర్చున్నప్పుడో వేళ్ళు తెల్లబడి, తర్వాత నీలంగా మారి, చివరికి ఎర్రగా మంట పెడతాయా? అలా అయితే అది రేనాడ్స్ కావచ్చు, అంటే చలికి వేళ్ళ రక్తనాళాలు అతిగా బిగుసుకోవడం. ఆడవాళ్ళలో ఎక్కువ. చాలామందికి ప్రమాదం లేనిదే, కొందరికి మాత్రం లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) లాంటి వేరే జబ్బుతో కలిసి వస్తుంది, అందుకే ఒకసారి చూపించుకోవాలి. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, సిగరెట్, రెండూ ఈ బిగుతుని పెంచుతాయి. ట్రిప్‌లో ముక్కు దిబ్బడేసిందని ఆ మాత్ర వేసుకుంటే వేళ్ళ పని అంతే.

అత్తగారి మాట కొట్టిపారేయకండి. మన ఆడవాళ్ళలో ఐరన్ తక్కువ ఉండటం చాలా మామూలు. హిమోగ్లోబిన్ తక్కువైతే ఎత్తులో ఆయాసం ముందే మొదలవుతుంది. ఇప్పుడే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) పరీక్షలు చేయించండి. అయితే నాలుగు వారాల్లో ఐరన్ మాత్రలతో అద్భుతాలు జరగవు, ఎర్రకణాలు తీరిగ్గా తయారవుతాయి.

ఎత్తు సంగతి సాయంత్రం రాస్తా, పేషెంట్ వచ్చారు.

కడపకారం | జనవరి 20, మధ్యాహ్నం 1:30

సాక్సుల విషయం సరే. కర్పూరం మాత్రం మాకు పనిచేసింది డాక్టర్ గారూ. మాలో ఎవరికీ ఏమీ కాలేదు.

డాక్టరమ్మ_ఒహైయో | జనవరి 20, రాత్రి 8:55

కడప గారూ, అమర్‌నాథ్‌కి మీరు ఒకటి రెండు రోజులు నడిచి, మధ్యలో ఆగి వెళ్ళి ఉంటారు. అదే కాపాడింది. కర్పూరం వాసనకి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. మెడలో వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు, పిల్లల నోటికి మాత్రం అందనివ్వకండి, మింగితే ఫిట్స్ వస్తాయి.

ఎత్తుకి వెళ్ళిన 6 నుంచి 12 గంటల్లో తలనొప్పి, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. దీన్నే అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్ అంటారు. కొలరాడో రిసార్ట్‌లకి వచ్చినవాళ్ళ మీద చేసి 1993లో ప్రచురించిన ఒక పరిశోధనలో దాదాపు నాలుగో వంతు మందికి ఇది వచ్చింది. మీ ఆవిడకి ఒకసారి వచ్చింది కాబట్టి అదే ప్లాన్‌తో వెళ్తే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. మైల్‌హై గారు చెప్పినట్టు డెన్వర్‌లో ఒక రాత్రి పడుకోవడం అన్నిటికన్నా మంచి మందు.

దానికి తోడు ఎసిటజోలమైడ్ గురించి మీ డాక్టర్‌ని అడగండి. డయామాక్స్ అంటే అందరికీ తెలుస్తుంది. మామూలుగా పెద్దవాళ్ళకి 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి మొదలుపెట్టి, పైకి చేరాక రెండు రోజుల దాకా. ఎక్కిన మొదటి గంటల్లో మనం ఎక్కువగా ఊపిరి తీసుకుంటాం, దాంతో రక్తం క్షారంగా మారుతుంది, అది చూసి మెదడు "ఊపిరి తగ్గించు" అంటుంది. కిడ్నీలు దాన్ని సరిచెయ్యడానికి రోజులు తీసుకుంటాయి. ఈ మాత్ర ఆ పని తొందరగా చేయిస్తుంది. వేళ్ళ చివర్లు చీమలు పాకినట్టు ఉంటాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కోక్ తాగితే రుచి పోతుంది. సల్ఫా మందుల ఎలర్జీ ఉన్నా, గర్భిణి అయినా ముందే చెప్పాలి. చీమలు పాకడాన్ని మళ్ళీ "సర్క్యులేషన్" అనుకుని కంగారు పడొద్దు.

నీళ్ళు దాహానికి తగినన్ని చాలు. లీటర్ల కొద్దీ తాగితే ఎత్తు దిగదు, రక్తంలో సోడియం దిగుతుంది. మొదటి రాత్రి మద్యం, నిద్రమాత్రలు వద్దు, నిద్రలో శ్వాస ఇంకా మందగిస్తుంది. విస్కీ తాగితే వేడిగా అనిపించేది చర్మానికే, లోపలి వేడి బయటికి పోతుంది.

ఇవి మాత్రం ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగ కళ్ళె కనబడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. తరచుగా రెండో రాత్రి వస్తుంది. తడబడుతూ నడవడం, పొంతన లేని మాటలు ఉంటే మెదడు వాస్తోందని. మడమ ముందు వేళ్ళు ఆనిస్తూ గీత మీద నడవమనండి, నడవలేకపోతే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఎమర్జెన్సీకి వెళ్ళాలి, కిందికి దిగాలి.

ప్లేనో_పెద్దోడు | జనవరి 20, రాత్రి 10:31

అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టర్ గారూ, మీ మెసేజ్ చదివి వినిపిస్తే మా ఆవిడ తెల్లబోయింది. కాస్ట్‌కోలో పాలు, కూరగాయలు ఉండే చల్లగదిలోకి వెళ్ళొస్తే తన కుడి చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు రెండో కణుపు దాకా తెల్లగా అవుతాయట, గీత గీసినట్టు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటాం. డెన్వర్ హోటల్ కూడా బుక్ చేశాను, మా ఫ్రెండ్స్ ఇద్దరూ నన్ను తిట్టుకుంటూ ఒప్పుకున్నారు.

సీతమ్మధార_అక్క | జనవరి 22, సాయంత్రం 6:10

మంచి థ్రెడ్. మా అమ్మ వైజాగ్ నుంచి వచ్చింది, 64 ఏళ్ళు, షుగర్, బీపీ ఉన్నాయి. స్కీయింగ్ కాదు గానీ మంచు చూడాలని సరదా. మార్చిలో తీసుకెళ్ళొచ్చా?

డాక్టరమ్మ_ఒహైయో | జనవరి 22, రాత్రి 9:20

అక్కా, షుగర్, బీపీ కంట్రోల్‌లో ఉండి, మామూలుగా మెట్లెక్కగలిగితే చాలామంది బాగానే వెళ్ళొస్తారు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఏదైనా ఉంటే ముందు ఆవిడ డాక్టర్‌తో మాట్లాడండి. ఇన్సులిన్ వాడుతుంటే పెన్ను లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకోవాలి, గడ్డకడితే పారేయాల్సిందే. షుగర్ మీటర్ చలిలో తప్పు చూపిస్తుంది. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గి ఉంటే వేడి ప్యాకెట్లు చర్మానికి నేరుగా పెట్టొద్దు, ఫైర్‌ప్లేస్ దగ్గర కాళ్ళు పెట్టి కూర్చోబెట్టొద్దు, కాలినా తెలియదు. మొద్దుబారిన పాదం ఎవరిదైనా ఇదే రూలు. రుద్దకూడదు, గోరువెచ్చటి నీళ్ళలో పెట్టాలి, 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్.

కుటుంబంలో ఎవరికైనా సికిల్ సెల్ ట్రెయిట్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు జన్యువు ఒకటి ఉండటం) ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి. మామూలుగా ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి కూడా ఎత్తులో ప్లీహం దెబ్బతినొచ్చు. ఎడమ డొక్కలో ఒక్కసారిగా నొప్పి వస్తే అజీర్తి అనుకోకూడదు.

మైల్‌హై_తెలుగు | జనవరి 22, రాత్రి 9:58

అమ్మగారు వస్తున్నారంటే కుక్కర్ పట్టుకెళ్ళండి. 9,600 అడుగుల్లో నీళ్ళు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు గిన్నెలో ఎన్ని గంటలు పెట్టినా పలుకుగానే ఉంటుంది.

ప్లేనో_పెద్దోడు | ఫిబ్రవరి 21, రాత్రి 8:40

వెళ్ళొచ్చాం. మా ఆవిడ డాక్టర్ రేనాడ్సే అన్నారు, రక్తపరీక్షల్లో వేరే జబ్బు ఏదీ లేదు, ఫెర్రిటిన్ మాత్రం బాగా తక్కువ. డయామాక్స్ రాసిచ్చారు. ఈసారి తనకి తలనొప్పి రాలేదు. నేను "నాకెందుకులే" అని మాత్ర అడగలేదు, శనివారం రాత్రి తల పట్టుకుని కూర్చుంది నేనే. ఐబుప్రొఫెన్ వేసుకుని, మర్నాడు మధ్యాహ్నం దాకా కొండ ఎక్కకుండా సోఫాలోనే ఉంటే తగ్గింది.

బూట్లు కొలుచుకుని వెళ్తే రెంటల్‌లో మొదట ఇచ్చినదానికన్నా ఒకటిన్నర సైజు చిన్నది సరిపోయింది. షాపతను రెండుసార్లు అడిగాడు, నిజంగానే ఇదే కావాలా అని. పల్చటి సాక్సు ఒక్కటే వేసుకుంది. కాళ్ళకి ఏ ఇబ్బందీ రాలేదు. చేతివేళ్ళు మాత్రం ఆదివారం గాలిలో ఒకసారి తెల్లబడ్డాయి, ఫోటోల కోసం మిటెన్స్ తీసినందుకు. చెయ్యి గుండ్రంగా తిప్పడం పనిచేసింది, చూసేవాళ్ళకి ఏమనిపించిందో గానీ.

ఒక కామెడీ. మా ఫ్రెండ్ రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే, వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ తెచ్చాడు. శనివారం సాయంత్రం బయటి నుంచి రాగానే అందరూ వరుసగా పెట్టుకున్నారు. ఒకరికి 92, ఒకరికి 89, వాళ్ళావిడకి 78! అందరికీ టెన్షన్. 911కి ఫోన్ చేద్దామని ఒకరు, కిందికి దిగుదామని ఒకరు. ఆవిడేమో పకోడీలు వేయిస్తూ నవ్వుతోంది. చేతులు వెచ్చబడ్డాక మళ్ళీ పెడితే 90. చల్లటి వేళ్ళకి, గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్న గోళ్ళకి అది సరిగ్గా చదవదట, తర్వాత తెలిసింది. షాపులో అమ్మే ఆక్సిజన్ డబ్బా కూడా కొన్నాడు, నాలుగు పీల్పులకి అయిపోయింది.

గచ్చిబౌలి_గుర్రం | ఫిబ్రవరి 23, ఉదయం 11:12

ఇండియా నుంచి ఒక ప్రశ్న. వచ్చే వారం గుల్మార్గ్ వెళ్తున్నాం, స్కీయింగ్ కోర్సు కూడా. హైదరాబాద్ నుంచి శ్రీనగర్, అక్కణ్ణించి అదే రోజు పైకి. మాకూ ఇదంతా వర్తిస్తుందా?

బూట్‌పిచ్చోడు | ఫిబ్రవరి 23, రాత్రి 9:05

నేను గుల్మార్గ్‌లో స్కీ చేశాను బ్రో. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, అంటే డెన్వర్ లాంటిదే. గుల్మార్గ్ 2,650, బ్రెకెన్‌రిడ్జ్ కన్నా కాస్త తక్కువ, కాబట్టి పడుకోవడానికి అంత కష్టం కాదు. అయినా వీలైతే ఒక రాత్రి శ్రీనగర్‌లో ఉండండి. కోర్సు కింద ఉన్న చిన్న వాలు మీదే నేర్పుతారు, మొదటి రెండు రోజులు అక్కడే ఉండండి.

జాగ్రత్త గొండోలా (కేబుల్ కార్) దగ్గర. రెండో దశ ఎక్కితే నిమిషాల్లో దాదాపు 3,950 మీటర్ల దగ్గర అఫర్వట్ మీద దింపేస్తుంది. వెళ్ళిన రోజే ఫోటోల కోసం పైకి వెళ్ళి తల తిరిగి కూర్చున్నవాళ్ళని చూశాను. పైన కాసేపు ఉండి దిగిపోతే ఫర్వాలేదు, తలనొప్పి మొదలైతే ఆగకుండా దిగండి. పైనుంచి స్కీ చేస్తూ దిగడం మాత్రం బిగినర్స్ పని కాదు, అది తీర్చిదిద్దిన వాలు కాదు, అవలాంచ్‌లు (మంచు చరియలు విరిగిపడటం) వచ్చే చోటు.

బూట్లు అక్కడ అద్దెకి దొరుకుతాయి గానీ చాలామంది వాడి వాడి లోపలి మెత్త అణిగిపోయినవే ఎక్కువ. ఒక గంట ముందు వెళ్ళి, నాలుగైదు జతలు వేసి చూసి, లోపల చెయ్యి పెట్టి తడి లేదని చూసుకుని తీసుకోండి. సాక్సులు హైదరాబాద్‌లోనే కొనేసుకోండి. ఒక్క జతే వేసుకోవాలి.

కడపకారం | ఫిబ్రవరి 23, రాత్రి 9:17

గుల్మార్గ్‌కి కర్పూరం పట్టుకుపో తమ్ముడూ, వాసన బాగుంటుంది. డాక్టరమ్మ పర్మిషన్ ఇచ్చింది.